పెరటి జామలో పురుగు: దేనికి మందు, దేనికి సంచి, దేన్ని వదిలెయ్యాలి

మీ ప్రశ్న చదివానమ్మా. మిగతావాళ్ళకి కూడా పనికొస్తుంది కాబట్టి ముందు దాన్ని కుదించి చెబుతాను. విజయవాడ గుణదలలో సొంతిల్లు. పెరట్లో కాపు మీదున్న జామచెట్టు, ఒక నిమ్మచెట్టు, మేడ మీద కుండీల్లో బీర, కాకర, వంగ, టమాటా. జామకాయ ఏది కోసినా లోపల తెల్లపురుగు. రెండు నెలలుగా వారం వారం వేపనూనె కొడుతున్నా లాభం లేదు. నిమ్మాకుల్ని ఏదో తినేస్తోంది, కాయల మీద గరుకు మచ్చలు. జామ కొమ్మల మీదా మందారం మీదా తెల్లటి పిండి, ఆకుల మీద నల్లటి మసి. ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేసే మీ తమ్ముడు "అక్కా, మా మందు ఒక్క మూత కలిపి కొట్టు, దెబ్బకి అన్నీ పోతాయి" అంటున్నాడు. ఈ కాయలు దేవుడికి పెట్టడానికీ, పక్కింటికి ఇవ్వడానికీ పనికిరావు, చెట్టు కొట్టించెయ్యమని మీ అత్తగారు.

నేను ఉద్యానశాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. గుంటూరు గోరంట్లలో ఉంటాను, పెరట్లో మీకున్న చెట్లే నాకూ ఉన్నాయి. సూటిగా చెబుతాను. చెట్టు కొట్టించొద్దు, అది ఎలుకల బాధకి ఇల్లు తగలబెట్టుకోవడమే. తమ్ముడి మందు గుమ్మం దాటి లోపలికి రానివ్వొద్దు. జామ పురుగు కోసం వేపనూనె కొట్టడం ఇవాళే ఆపెయ్యండి. మీ నూనెలో లోపం లేదు, మీరు కలిపిన మోతాదూ సరైనదే. అది చేరలేని చోట పురుగు కూర్చుంది.

ఆ తెల్లపురుగు పండు ఈగ పిల్ల. పండు ఈగ ఇంటి ఈగంత ఉంటుంది. గోధుమరంగు ఒళ్ళు, వీపు మీద పసుపు గీతలు, అద్దంలాంటి రెక్కలు. దూరం నుంచి చూస్తే చిన్న కందిరీగ అనుకుంటారు. వంటింట్లో అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలు ఇవి కావు. అవి మగ్గిపోయిన పళ్ళ మీద, పగుళ్ళ మీద వాలే రకం. చాలామంది వాటిని చూసి సీసాలో వెనిగర్, బెల్లం పోసి పెడతారు. ఆ సీసాలో పడి చచ్చేవి ఎక్కువగా ఆ చిన్నవే, అసలు దొంగ దర్జాగా చెట్టు మీదే ఉంటుంది.

ఆడ ఈగ కాయలో పచ్చదనం తగ్గి దోరబారే సమయానికి వచ్చి, తోక చివరి సూదితో తొక్క కింద గుడ్లు పెడుతుంది. పైకి సూదిమొనంత చుక్క తప్ప ఏమీ కనపడదు. గుడ్లు ఒకటి రెండు రోజుల్లో పగులుతాయి. పిల్లలు గుజ్జులోకి దిగి వారం పది రోజులు తింటాయి. ఈలోగా కాయ రాలుతుంది. ముదిరిన పురుగు బయటికొచ్చి మట్టిలోకి పోతుంది. దాన్ని అరచేతిలో వేసుకుంటే ఒళ్ళు వంచి టప్పున ఎగిరిపడుతుంది, అలా ఎగిరిందంటే ఇక అనుమానం అక్కర్లేదు, పండు ఈగే. మట్టిలో రెండంగుళాల లోతులోపే గోధుమరంగు గింజలా గూడు కట్టుకుని, కొన్నాళ్ళకి ఈగై పైకి వస్తుంది. మన వేడికీ తేమకీ ఈ చుట్టంతా ఇంచుమించు నెల రోజుల్లో పూర్తవుతుంది. వానాకాలం కాపు సాగినన్నాళ్ళూ తరం మీద తరం.

అంటే గుడ్డు తొక్క కింద ఉంది, పిల్ల గుజ్జులో ఉంది, గూడు మట్టిలో ఉంది. మీ స్ప్రేయర్ తడిపేది ఆకునీ తొక్కనీ. మందుకి దొరికేది ఎగిరే ఈగ ఒక్కటే, అది మీ పెరట్లోనే పుట్టాలని కూడా లేదు. నాలుగిళ్ళ అవతల ఎవరూ పట్టించుకోని చెట్టు ఒకటుంటే చాలు. వేప వాసనకి కొంచెం వెనకాడుతుంది, నిజమే. ఎండకి విరిగిపోయి, వానకి కడిగేసుకుపోయే ఆ వాసన ఎన్నాళ్ళుంటుంది చెప్పండి.

అందుకని ఈగకీ కాయకీ మధ్య అడ్డం పెట్టాలి. బెంజి సర్కిల్ దగ్గర బండ్ల మీద తైవాన్ జామకాయలకి తెల్లటి ఫోమ్ వల, దాని మీద పాలిథిన్ కవరు తొడిగి ఉంటాయి కదా. షోకు కోసం అమ్మేవాడు తొడిగాడనుకుంటారు. కాయ చిన్నగా ఉన్నప్పుడే తోటలో చెట్టు మీద తొడిగిన కవరు అది. మార్కెట్లో నున్నటి జామకాయ వెనక ఉన్న రహస్యం చాలావరకు అంతే. మీరూ అదే చెయ్యండి. కాయ నిమ్మకాయంత అయ్యేలోపు సంచి తొడిగెయ్యాలి. దోర వచ్చాక తొడిగితే గుడ్లతో సహా మూటకట్టినట్టే.

సంచికి డబ్బు పెట్టక్కర్లేదు. పాత వాయిల్ చీర, చిరిగిన దోమతెర, పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టిచ్చే పల్చటి గుడ్డ సంచులు, ఏదైనా పనికొస్తుంది. దోమతెర వాడితే వదులుగా కట్టండి. గుడ్డ కాయకి అంటుకుని ఉంటే ఈగ బయట కూర్చునే కంతలోంచి సూది దింపేస్తుంది, ఫోమ్ వల కింద వేసేది కొంత అందుకే. ఉత్త పాలిథిన్ కవరైతే లోపల చెమట పట్టి కాయ కుళ్ళుతుంది, అడుగున రెండు మూలలూ కత్తిరించండి. న్యూస్‌పేపరు ఎండాకాలం బాగానే ఉంటుంది, వానకి మాత్రం ఒక్కరోజు ఆగదు. మూతి తొడిమ దగ్గర కాకుండా కాయ వెనకున్న రెమ్మకి కట్టండి, లేకపోతే బరువుకి రాలుతుంది. కట్టేముందు లోపల పిండినల్లి గానీ చీమలు గానీ లేవని చూసుకోండి.

చెట్టంతా కట్టలేం అంటారు. కట్టక్కర్లేదు. నేల మీద నిలబడి చెయ్యి అందేవరకు కట్టండి చాలు. మీ ఇంట్లో నలుగురు తినేది ఎన్నో మీకే తెలుసు. పైనున్నవి ఉడుతలకీ చిలకలకీ ఎలాగూ పోతాయి. గుత్తిలో మూడు నాలుగు కాయలుంటే ఒకటి రెండు ఉంచి మిగతావి పిందెలప్పుడే తుంచేస్తే, ఉన్నవి పెద్దవీ అవుతాయి, కట్టే శ్రమా తగ్గుతుంది. ఇప్పుడు శ్రావణం. నిమ్మకాయంత ఉన్నవాటికి ఈ వారం సంచులు తొడిగితే వినాయకచవితికి పాలవెల్లికి కట్టడానికి మచ్చలేని కాయలు మీ అత్తగారి చేతికివ్వొచ్చు. మీ మాట మీద ఆవిడకి గురి కుదరడానికి అంతకంటే దగ్గర దారి లేదు.

సంచి కంటే ముఖ్యమైన పని ఇంకోటుంది, ఎవరికీ నచ్చనిది. రాలిన కాయ ఏరడం. రోజూ ఏరాలి. రాలిన కాయలోంచి పురుగు మట్టిలోకి దిగకముందే తియ్యాలి, అందుకే వారానికోసారి ఊడిస్తే ప్రయోజనం లేదు. ఏరినవాటిని కంపోస్టు కుండీలో వెయ్యొద్దు, అక్కడే హాయిగా ఈగలవుతాయి. చెట్టు పాదులో జానెడు గొయ్యి తీసి పూడ్చినా పైకొచ్చేస్తాయి, రెండడుగుల లోతైనా ఉండాలి. తేలికైన పద్ధతి, నల్ల పాలిథిన్ సంచిలో వేసి గట్టిగా మూతి బిగించి మేడ మీద ఎండలో పడెయ్యడం. వేసవిలో విజయవాడ ఎండకి తొందరగానే ఉడికి చస్తాయి. ముసురు రోజుల్లో వారం పది రోజులు కదపకుండా ఉంచండి. ఎండ లేకపోతే సబ్బునీళ్ళ బకెట్లో మూతపెట్టి ముంచి ఉంచినా సరే. వీలుంటే వారానికోసారి చెట్టు కింద మట్టి పైపైన కదపండి. బయటపడ్డ గూళ్ళని గోరింకలూ చీమలూ చూసుకుంటాయి.

ఎర బుట్టల గురించి అడిగారు. మిథైల్ యూజినాల్ బిళ్ళ పెట్టిన ప్లాస్టిక్ బుట్టలు విత్తనాలు, ఎరువుల షాపుల్లో దొరుకుతాయి. పనిచేస్తాయి, కానీ ఆ వాసనకి వచ్చేవి మగ ఈగలే. ఎకరాల తోటలో, కాపుకి ముందు నుంచే పెడితే మగవి తగ్గి ఆడవాటికి జత దొరకదు. ఇంటి చెట్టుకి ఒక బుట్ట పెడితే, పక్క వీధిలో అప్పటికే జతకట్టిన ఆడ ఈగ వచ్చి తన పని తాను చేసుకుపోతుంది. బుట్ట నిండా ఈగలు చూసి సంబరపడొద్దని చెప్పడమే నా ఉద్దేశం, పెట్టొద్దని కాదు. ఈగల తాకిడి ఎప్పుడు పెరుగుతోందో తెలుసుకోడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. తులసి ఆకులో కూడా ఆ పదార్థం కొంత ఉంటుంది. నూరి కొబ్బరిచిప్పలో పెడితే మగ ఈగలు వాలతాయి, రోజూ మార్చే ఓపికుంటే. మీ వీధిలో జామచెట్లున్న నాలుగైదు ఇళ్ళవాళ్ళు కలిసి బుట్టలు పెట్టి, రాలినవి ఏరుకుంటే మాత్రం ఫలితం వేరుగా ఉంటుంది.

జామ విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది వానాకాలం కాపుని వదులుకోవడం. వేసవిలో వచ్చిన పూత వానల్లో పండుతుంది. ఆ కాయ నీరుకాయ, రుచి చప్పన, పైగా ఈగ ఉద్ధృతంగా ఉండేది అప్పుడే. వానలు మొదలయ్యాక వచ్చే పూత చలికాలంలో పండుతుంది. తియ్యన, గట్టితనం, వాసన అన్నీ దానికే ఉంటాయి, ఈగ బెడదా బాగా తక్కువ. తోటల్లో రైతులు కావాలనే వేసవి పూతని వద్దనుకుంటారు. వచ్చే ఏప్రిల్, మే నెలల్లో మీరు నీళ్ళు తగ్గించండి, పూత కనిపించినప్పుడల్లా తుంచెయ్యండి, మే నెలలో కొమ్మల చివర్లు కొంచెం కత్తిరించండి. జూన్‌లో తొలకరి పడగానే పశువుల ఎరువు వేసి నీళ్ళివ్వండి. కొత్త చిగురుతో పాటు పూత వస్తుంది. కార్తీకం దాటాక మీరు తినే జామకాయ వేరే చెట్టు కాయనిపిస్తుంది. ఒక కాపు పోయిందని బాధ ఉంటుంది, కానీ ఈ రెండు నెలల్లో ఆ కాపులో మీరు తిన్నదేముంది, నూనె కొట్టడం తప్ప.

దోరగా ఉన్నప్పుడే కోసెయ్యడం కూడా మంచి ఉపాయమే. మన వైపు ఎలాగూ పండు కంటే దోరకాయకే గిరాకీ, ఉప్పూ కారం అద్దుకుని తినేదీ అదే. చెట్టు మీద మగ్గేదాకా ఉంచారంటే అది ఈగకి పిలుపే.

ఇక తమ్ముడి మందు. 2021లో గుంటూరు మిర్చి మీద నల్ల తామర పురుగు పడ్డ సంగతి అతనికి బాగా గుర్తుండే ఉంటుంది. పూతలోనే దూరి కూర్చునే పురుగు అది. ఎన్ని రకాలు మార్చి మార్చి కొట్టినా చాలా చేలు మిగల్లేదు. మందు ఎంత ఘాటుదైతే అంత పనిచేస్తుందన్న నమ్మకం ఆ ఏడాది చాలామందికి సడలింది. మీ పెరటి సంగతికొస్తే, మిర్చి మందుల్లో కొన్ని చెట్టు రసంలో కలిసి కాయలోకి పోతాయి, కడిగితే పోవు. ఏ మందుకైనా కొట్టిన తర్వాత ఇన్ని రోజులు కొయ్యకూడదని గడువు ఉంటుంది. జామ రోజూ పండుతుంది, పిల్లలు రోజూ కోస్తారు, ఆ గడువు ఎవరు పాటిస్తారు? ఎకరానికి చెప్పిన మోతాదుని ఒక చెట్టుకి మూతలతో లెక్కేసి కలపడం ఇంకో ప్రమాదం. మోనోక్రోటోఫాస్ కూరగాయల మీద వాడకూడదని నిషేధం ఉన్నా పల్లెల్లో మూలన డబ్బా కనిపిస్తూనే ఉంటుంది, అది మేడ మీది వంగ మొక్కకి చేరడం ఎంతసేపు. వీటన్నిటికీ మించి తేనెటీగలు పోతాయి. అవి పోతే మీ బీరకీ కాకరకీ పిందె నిలవదు.

ఆ తెల్లటి పిండి పిండినల్లి. ఇక్కడ మీ వేపనూనెకి పని ఉంది. అయితే ముందు చీమల్ని చూడండి. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దాన్ని కాపలా కాస్తాయి, దాన్ని తినడానికి వచ్చే పురుగుల్ని తరుముతాయి. చీమలు కాండం మీదుగా పైకెక్కకుండా మొదలుకి ఒక గుడ్డపీలిక చుట్టి దాని మీద గ్రీజు పుయ్యండి, గోడకీ పక్క చెట్టుకీ ఆనే కొమ్మలు కత్తిరించండి. తర్వాత పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి పిండినల్లిని రాల్చెయ్యండి. సగం పని నీళ్ళతోనే అవుతుంది. మందారంలో ముడుచుకుపోయిన చిగుళ్ళు కత్తిరించి సంచిలో వేసి పారెయ్యండి. అప్పుడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కాస్త కుంకుడు రసం కలిపి, సాయంత్రం ఎండ తగ్గాక, కొమ్మల సందుల్లోకి పడేలా కొట్టండి. వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు. మిట్టమధ్యాహ్నం గానీ, మే నెల వడగాడ్పుల్లో గానీ కొడితే ఆకు మాడిపోతుంది. కుంకుడు బదులు సబ్బు వాడేవాళ్ళు బోరు నీళ్ళతో కలపొద్దు. మన బోర్లలో ఉప్పు ఎక్కువున్న చోట సబ్బు విరిగి తెట్టు కడుతుంది, కుళాయి నీళ్ళు పట్టుకోండి.

వేపనూనె కంటే నాకు వేపగింజల కషాయం మీద గురి ఎక్కువ. జూన్, జులై నెలల్లో చెట్ల కింద రాలిన వేపపళ్ళు ఏరి, గుజ్జు కడిగి, గింజలు నీడన ఆరబెట్టి దాచుకోవాలి. కావలసినప్పుడు లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు పొడి గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి వెంటనే వాడెయ్యాలి. వేప ఏదైనా పురుగుని అక్కడికక్కడ చంపదు. తిండి సహించకుండా చేస్తుంది, ఎదగనివ్వదు. కొట్టిన మర్నాడు పురుగు కదులుతోందని టెన్షన్ పడకండి. నీమాస్త్రం కూడా అడిగారు. ప్రభుత్వ రైతు సాధికార సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయం ద్వారా చాలా పల్లెలకి పరిచయమైన కషాయమే. చెప్పే కొలత ఎకరానికి, 100 లీటర్ల నీటికి. ఇంటికి కావాలంటే 5 లీటర్ల నీటిలో పావుకిలో వేపాకు ముద్ద, పావులీటరు ఆవు మూత్రం, 50 గ్రాముల పేడ వేసి ఒకటి రెండు రోజులు నానబెట్టి వడగట్టండి. వాసనకి పక్కింటివాళ్ళు మొహం చిట్లిస్తారు, ముందే చెప్పి చెయ్యండి.

పిండినల్లి దగ్గర ఒక్క జాగ్రత్త. గుంపులో కొన్ని మిగతావాటికంటే పెద్దగా, ఒంటి నిండా తెల్లటి పోగులతో, చురుగ్గా నడుస్తూ కనిపించాయంటే వాటిని ముట్టుకోకండి. అవి పిండినల్లిని తినే అక్షింతల పురుగు పిల్లలు, చూడ్డానికి అచ్చం పిండినల్లిలాగే ఉంటాయి. ఇలాంటి మిత్రుల బలం ఎంతటిదో బొప్పాయి పిండినల్లి కథ చెబుతుంది. 2008లో కోయంబత్తూరు దగ్గర బయటపడిన ఆ పురుగు బొప్పాయి, మల్బరీ తోటల్ని దులిపేసింది. మందులకి లొంగలేదు. 2010లో బయటి దేశం నుంచి ఒక బుల్లి కందిరీగ జాతిని తెప్పించి వదిలాక అదుపులోకి వచ్చింది.

జామ ఆకుల మీది నల్లమసి కూడా ఆ తియ్యటి జిగురు మీద పెరిగే బూజే. ఆకు అడుగున తెల్లటి చుట్లు చుట్లుగా మైనపు పొడి ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ, 2016 నుంచి మన రాష్ట్రాల్లో కొబ్బరిని పీడిస్తున్నదే, జామనీ వదలదు. అడుగు నుంచి నీళ్ళు కొట్టండి. మసికి గంజి మంచి మందు. లీటరు నీటికి 10 గ్రాముల గంజిపొడి కాచి చల్లార్చి కొడితే ఎండాక పొరలా ఊడి, మసిని కూడా లాక్కుని రాలిపోతుంది. తెల్లదోమ కోసమని నలభై ఇళ్ళకి సరిపడే పసుపు జిగురు అట్టలు ఒక్క పెరట్లో వేలాడదీసేవాళ్ళని చూస్తుంటాను. ఒకటి రెండు చాలు, ఎక్కువైతే మంచి పురుగులే అంటుకుపోతాయి.

నిమ్మాకుల్ని తినేది నిమ్మ సీతాకోకచిలుక గొంగళి. చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉండి కళ్ళుగప్పుతుంది, పెద్దయ్యాక ఆకుపచ్చ. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతుంది, ఏమీ చెయ్యదు, భయపడకండి. కరివేపాకు మీదా ఇదే ఉంటుంది. మీ చెట్టు పెద్దదే కాబట్టి కొన్ని ఆకులు పోయినా దానికి లెక్కలేదు. అంటుమొక్కలు, చిన్న మొక్కలైతే రోజూ పొద్దున్నే ఏరెయ్యాలి. చిగురాకుల మీద వెండిగీతల్లా పాము మెలికలుంటే అది ఆకు లోపల తొలిచే పురుగు, లేత చిగురు ముదిరితే దానంతటదే ఆగుతుంది. కాయల మీద మచ్చలు ఉబ్బెత్తుగా, గరుకుగా, ఆకుల మీద వాటి చుట్టూ పసుపు వలయం ఉంటే గజ్జి తెగులు. ఇది పురుగు కాదు, బాక్టీరియా. వానజల్లుతో పాటు పాకుతుంది. వానలు తగ్గాక పొడి వాతావరణంలో తెగులున్న కొమ్మలు కత్తిరించి తీసేసి, లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టండి. పూర్తిగా పోదు, తగ్గుతుంది. కాయ మొత్తం తుప్పు పట్టినట్టు గోధుమరంగుకి తిరిగితే అది మంగు, కంటికి కనపడని నల్లి పని. గజ్జి అయినా మంగు అయినా తొక్క మీదే. రసంలో తేడా ఉండదు. మార్కెట్లో ఇలాంటి కాయకి ధర పడిపోతుంది, మీ పులిహోరలో మాత్రం పడదు. ఊరగాయకైతే తొక్కతో సహా తింటాం కాబట్టి నున్నటివి ఏరుకోండి.

మేడ మీది మొక్కల గురించి క్లుప్తంగా. కాకర, బీర కాయల్లో పురుగు కూడా పండు ఈగే, కానీ జాతి వేరు. జామకి పెట్టిన మిథైల్ యూజినాల్ బుట్టకి అది రాదు, దాని బిళ్ళ క్యూలూర్ అని విడిగా అమ్ముతారు. పిందె మీద పూరేకులు వాడిన రోజే సంచి తొడిగెయ్యడం మేలు. వంగలో వేలాడిన చిగురు కనిపిస్తే రెండంగుళాల కిందికి కత్తిరించి చీల్చి చూడండి, లోపల గులాబీ రంగు పురుగుంటుంది. కాయ పుచ్చేదీ అదే. ఆ చిగుళ్ళు క్రమం తప్పకుండా తీసేస్తే పుచ్చు వంకాయలు బాగా తగ్గుతాయి. టమాటా అడుగున నల్లగా పల్లంపడ్డ మచ్చ పురుగుదీ తెగులుదీ కాదు. కుండీ ఒకరోజు ఎండి, ఒకరోజు మునిగితే కాల్షియం అందక వచ్చేది. నీళ్ళు సమంగా పొయ్యండి, దానికి కషాయాలు వృథా.

ఏది తినొచ్చు అన్నదానికి వస్తాను. జామ తొక్క మీద గోధుమరంగు గరుకు పొక్కులు, గీతలు, ఆకు రాసుకున్న మరకలు, ఇవన్నీ పైపైనే. చెక్కేస్తే చాలు, చాలాసార్లు చెక్కాల్సిన పని కూడా లేదు. దోరకాయ కోసి చూస్తే ఒకపక్క కొంచెం రంగు మారి చిన్న పురుగులుంటే, ఆ పక్క బాగా వెడల్పుగా కోసేసి మిగతాది వాడుకోవచ్చు. పొరపాటున ఒక పురుగు నోట్లోకి పోయినా ప్రాణం మీదికేమీ రాదు, మన అమ్మమ్మలు దీపం వెలుతురులో జామకాయ కొరికినవాళ్ళే. నీరుకారి, పులిసిన వాసన వస్తున్నా, బూజు పట్టినా మాత్రం మొత్తం పారెయ్యండి. దోరకాయలు ఒకేసారి ఎక్కువ వస్తే గింజ తీసి పచ్చడి చెయ్యండి, పచ్చిమిర్చీ ఇంగువా పడితే ఏ మచ్చా గుర్తురాదు. పక్కింటికిచ్చేటప్పుడు "మందు కొట్టని కాయలండీ, కోసి చూసుకుని తినండి" అని ఒక్కమాట చెప్పి ఇవ్వండి. రెండోసారి వాళ్ళే అడుగుతారు.

ఒక్క విషయంలో మాత్రం పాత అలవాటు మానుకోవాలి. చిలక కొట్టిన జామపండు తియ్యగా ఉంటుందని ఏరుకుని తింటాం. కొట్టింది చిలకో, ఉడుతో, రాత్రి వచ్చిన గబ్బిలమో గాటు చూసి చెప్పడం కష్టం. కేరళలో నిపా జ్వరాలు వచ్చినప్పటి నుంచి వైద్యులు చెబుతున్నదేమిటంటే, గబ్బిలాలు కొరికిన పండు తినొద్దని. పొద్దున్నే చెట్టు కింద నమిలి ఉమ్మేసిన పిప్పి ఉండలు కనిపిస్తే వచ్చింది గబ్బిలమే. కొరికిన కాయ ఎంత మంచిదైనా, గాటు పడ్డవరకు కోసేసినా సరే, తినొద్దు. పిల్లలకి ఈ సంగతి గట్టిగా చెప్పండి.

మీ దానిమ్మ కుండీ గురించి చివర్లో ఒక లైనే రాశారు, కాయకి రంధ్రం ఉందని. రంధ్రం గుండ్రంగా ఉండి, దాని చుట్టూ పురుగు రెట్ట, దుర్వాసన ఉంటే అది కాయతొలుచు పురుగు, దానికీ పూత రాలి పిందె నిలబడగానే సంచే. రంధ్రం కాకుండా కాయ అడ్డంగా పగిలితే నీళ్ళ తేడా. రెండిట్లో ఏదో నాకు తెలియాలంటే కాయ ఫోటో, ఆకు అడుగు భాగం ఫోటో, పగటి వెలుతురులో దగ్గరగా తీసి పెట్టండి.